పెద్దోడి ముద్ద

మా అక్క ఇంట్లో ఎవరికీ ఆకలి వేయకూడదు.

అసలు వేసేదాకా అక్క ఆగేది కాదు, ముందే పెట్టేసేది. కిటికీ గూట్లో ఒక డబ్బా, మంచం పక్కన ఒక డబ్బా, చెప్పుల స్టాండు మీద ఇంకో డబ్బా. బావ పనిముట్ల సంచిలో స్పానర్ల మధ్య కూడా బిస్కెట్ల పొట్లం ఉండాల్సిందే. ఎవరైనా పొరపాటున "ఆకలి" అన్నారంటే అక్క చేతిలో ఏముంటే అది జారి కింద పడేది. దాంతో ఆ మాటే ఇంట్లో మానేశారు. "ఏమన్నా ఉందా?" అనేవాడు బావ. చిన్నది అది కూడా అనేది కాదు. ఊరికే నోరు తెరిచేది.

చిన్నది అంటే అక్క కూతురు. అప్పటికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో ఒక్కతే పిల్ల అయినా చిన్నది అనే పిలిచేవాళ్ళు. దానికి ముందు పెద్దోడు ఉండేవాడు కాబట్టి.

పెద్దోడికి అంతకు రెండేళ్ళ క్రితం కడుపులో ఏదో చిన్న ఆపరేషన్ అన్నారు. పరగడుపున ఉంచమన్నారు. పొద్దున అన్నది మధ్యాహ్నం దాటింది. బెంచీ మీద కూర్చుని వాడు అడుగుతూనే ఉన్నాడు, "అమ్మా, ఆకలేస్తోంది" అని. "ఆగు నాన్నా, అయిపోయాక పెడతాను" అంది అక్క. చెప్పిన మాట పొల్లు పోనివ్వని మనిషి మా అక్క. గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వలేదు. వాణ్ణి స్ట్రెచర్ మీద లిఫ్టులోకి తోశారు. తలుపులు మూసుకున్నాయి. మత్తులోకి వెళ్ళినవాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

తర్వాత డాక్టర్లు చాలా చెప్పారు. అక్క చెవికి ఎక్కింది ఒక్కటే. తన కొడుకు ఆకలితో పోయాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. అక్క లాండ్రీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేసి నన్ను చదివించింది. ఆ చదువు మీద నాకు పిల్లల ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. పిల్లలున్న ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ తిండీ ఆటా ఒక దారిన పడేలా సాయం చేయడం నా పని. తిట్టకూడదు, భయపెట్టకూడదు. లావుగా ఉన్న పిల్లను ఒక్కదాన్నే వేలెత్తి చూపకూడదు. మారితే ఇల్లంతా కలిసి మారాలి. ఇవన్నీ పరాయి ఇళ్ళలో గడగడా చెప్పేదాన్ని. అక్క ఇంటి గడప తొక్కితే మాత్రం నాకు నోరు పెగిలేది కాదు.

ఆ వేసవి మొదట్లో బళ్ళో పిల్లలందరినీ పరీక్ష చేసినప్పుడు చిన్నదాన్ని మా ఆస్పత్రికే పంపారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మెడ వెనక నల్లగా, ఎంత రుద్దినా పోని మరక. మా పెద్ద డాక్టరమ్మ పరగడుపున రక్తం తీయించుకుని రమ్మంది. తీయించారు. ఫలితం చూసి ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఇది పరగడుపున ఇచ్చిన రక్తమేనా?"

"పరగడుపునే," అంది అక్క.

"బస్సులో పాలూ బ్రెడ్డూ తిన్నాను కదమ్మా," అంది చిన్నది.

"అది కూడా ఒక తిండేనా! గొంతు తడుపుకుందంతే."

డాక్టరమ్మ నవ్వలేదు. ఇలా జరగడం అది రెండోసారి. "చూడమ్మా, చక్కెర జబ్బు మీ ఇంటి గడప దగ్గరే నిలబడిందో, లోపలికే వచ్చి కూర్చుందో నాకు తెలియాలి. మీరు తాగించిన పాలకి వచ్చిన అంకె చూసి ఈ వయసు పిల్లకి మందు రాయలేను. రాయకుండా ఊరుకుని, జబ్బు నిజమైతే? అప్పుడు దాని కళ్ళకి, కిడ్నీలకి జవాబు ఎవరు చెబుతారు? బడి తెరిచేలోపు ఒక్క పొద్దున, ఒకే ఒక్క పొద్దున, దాన్ని ఖాళీ కడుపుతో తీసుకురండి. ఈలోగా ఇంట్లో తిండి తీరు మార్చండి. మీ చెల్లెలు మా దగ్గరే కదా పని చేసేది, చెబుతుంది."

"అది చెబితే నేను వినడమా! దానికి ముక్కు తుడవడం నేర్పింది నేను డాక్టరుగారూ," అంది అక్క.

అయినా ఆ వారమే నేను నా బట్టల సంచి తీసుకుని అక్క ఇంటికి మారిపోయాను. నాకు పెద్దోడి మంచం ఇచ్చారు. దాని కింద వాడి చెప్పులు పక్కపక్కనే, వేళ్ళు గోడ వైపు తిరిగి ఉన్నాయి. ఊడ్చేటప్పుడు అక్క వాటిని తీసి, ఊడ్చి, మళ్ళీ అలాగే పెట్టేది.

మొదటిరోజు భోజనం దగ్గర నేను నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లకి అక్కే కలిపి తినిపిస్తోంది. "ఇది అమ్మ ముద్ద. ఇది నాన్న ముద్ద. ఇది పిన్ని ముద్ద, పిన్ని వచ్చిందిగా, తినకపోతే అలుగుతుంది." మా అమ్మ మాకూ ఇలాగే పెట్టేది. అందరి ముద్దలూ అయ్యాయి. చిన్నది తల అడ్డంగా ఊపింది.

"చాలమ్మా."

అక్క కంచం అంచు వేలితో తుడిచింది. మళ్ళీ వడ్డించుకుంది. ఈసారి గొంతు తగ్గించి అంది, "ఇంక పెద్దోడి ముద్ద."

చిన్నది కళ్ళు మూసుకుంది. అరచెయ్యి పొట్ట మీద ఆనించుకుని నోరు తెరిచింది. ఒకటి. ఇంకొకటి. పెద్దోడి వయసు మగపిల్లాడు ఎంత తింటాడో అంతా. బావ తన కంచంలో మిగిలింది అలాగే వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

"అక్కా, అది చాలంది కదే," అన్నాను తర్వాత, వంటగదిలో.

"దానిది అయిపోయింది. అందుకే చాలంది. ఆ తర్వాతది దానిది కాదు."

"మరి నువ్వెప్పుడు తింటావు?"

"తింటాలే, తర్వాత."

ఆ తర్వాత ఎప్పుడో నాకు కనపడలేదు. గిన్నెలు తోముతుంటే అక్క గాజులు మోచేతి దాకా జారి, చెయ్యి దించితే మళ్ళీ మణికట్టుకి వచ్చి పడుతున్నాయి. ఆ ఇంట్లో కూతురు ఇద్దరి తిండి తింటోంది. తల్లి ఒక్కరిది కూడా తినడం లేదు.

మర్నాడు డబ్బాల మాట ఎత్తాను.

"తీసి పారేయమంటావు, అంతేగా? అన్నం పెట్టడానికి కూడా డిగ్రీలు కావాలన్నమాట. అమ్మ ఏం చదివి పెంచిందే మనల్ని?"

"పారేయొద్దు. అన్నీ వంటగదిలోకి తెద్దాం. వేళకి అందరం కూర్చుని తిందాం. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నీ ఇష్టం. ఎంత తినాలో మాత్రం దాని ఇష్టం."

"వద్దంటే?"

"వద్దంటే వద్దు."

"మధ్యలో దానికి..." అని ఆగిపోయింది. ఆ మాట పెదవి దాకా వచ్చింది. మింగేసింది.

చాలారోజులు సాగింది ఆ యుద్ధం. చెప్పుల స్టాండు మీది డబ్బా ముందు వెళ్ళింది. తర్వాత కిటికీది. మంచం పక్కది కదలడానికి నెల పట్టింది. టీవీ ముందు తినడం మానేశాం. కూరల్లో నూనె తగ్గింది. బల్ల మీద బిస్కెట్లు ఉండే చోట కోసిన పళ్ళు వచ్చాయి. బావ వాటిని చూసి, "ఏం మరదలా, నన్ను కుందేలుని చేస్తావా?" అనేవాడు, అంటూనే ఖాళీ చేసేవాడు. అన్నీ ఒప్పుకుంది అక్క. పెద్దోడి ముద్ద దగ్గరికి వచ్చేసరికి మాత్రం కంచం మీదికి వంగి, నా వైపు వీపు పెట్టేది.

ఆట సంగతి అంతకన్నా కష్టం. ఇల్లు నాలుగో అంతస్తులో. అన్న వెళ్ళిన రోజు నుంచి చిన్నది లిఫ్టు ఎక్కదు. మెట్లెక్కితే ఆయాసం. అందుకని బడి తప్ప ఇంకెక్కడికీ కదిలేది కాదు. బడి ఉన్న రోజుల్లో అది వచ్చే వేళకి అక్క రెండో అంతస్తు మలుపులో డబ్బాతో కూర్చునేది, పిల్ల ఎక్కలేక డస్సిపోతుందని. సగం మెట్లు ఊపిరితో ఎక్కితే, మిగతా సగం బిస్కెట్టుతో ఎక్కేది. చోద్యం ఏమిటంటే బావ లిఫ్టు మెకానిక్కు.

"ఊరందర్నీ పైకెక్కిస్తాడు, కూతుర్ని ఎక్కించలేడు అంటారు," అన్నాడు బావ ఒక సాయంత్రం, మెట్ల మీద నా పక్కన కూర్చుని. "దానికి భయం పోగొడదామని మిద్దె మీదికి తీసుకెళ్ళి మొత్తం విప్పి చూపించాను. ఇది మోటారు, ఇది తాడు, ఇది తెగినా ఈ బ్రేకు పట్టేస్తుంది అని. బుద్ధిగా విన్నది. అంతా విని, 'మరి అన్న ఏ అంతస్తులో దిగాడు నాన్నా?' అంది." కాసేపు మెట్టు అంచు గోటితో గీకాడు. "అప్పట్నుంచి ఇంటికొస్తే నేనూ మెట్లే."

అయితే మెట్లతోనే మొదలుపెడదాం అనుకున్నాను. రెండో అంతస్తులో రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన ఉండేవాడు. మోకాళ్ళు పోయి, వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడేవాడు. నేను వెళ్ళి సాయం అడిగాను. ఆయన మీసం దువ్వుకున్నాడు. మర్నాటి నుంచి చిన్నది కనపడితే చాలు, "ఏమ్మా పోస్ట్‌మాస్టరూ, కాళ్ళకి కూడా సెలవులిచ్చేశావా? నాలుగో అంతస్తుకి అర్జంటు ఉత్తరం, పట్టు!" అని మడిచిన పేపరు చేతిలో పెట్టేవాడు. పేపరు అయ్యాక కత్తెర. కత్తెర అయ్యాక, "కింద కొట్టువాణ్ణి అడిగిరా, వాడి గడియారం నడుస్తోందో, వాడిలాగే కూర్చుందో." నడవమంటే నడవని పిల్ల, పని చెబితే కదిలేది. మొదట్లో ప్రతి మలుపులో కూలబడేది. పిన్నిని కాబట్టి నేనూ పక్కన కూలబడేదాన్ని. కొన్నాళ్ళకి కింద వాకిట్లో తాడాట ఆడే పిల్లలు దీన్ని తాడు తిప్పడానికి పిలిచారు. మరి కొన్నాళ్ళకి ఎగరడానికి. నాకు నా చదువు మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

ఒక సాయంత్రం తాడాట అయ్యాక ఇద్దరం మూడో అంతస్తు మలుపులో కూర్చున్నాం. చెమటతో దాని జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. మొహం వెలుగుతోంది. ఉన్నట్టుండి ఆ వెలుగు పోయింది. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, లోపల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు తల వంచింది.

"పిన్నీ, ఇలా ఎగిరితే ఇది తగ్గిపోతుందా?"

"ఏది?"

"పొట్ట."

"కొంచెం తగ్గొచ్చు. ఊపిరి హాయిగా ఆడుతుంది."

"అయితే రేపట్నుంచి నేను రాను."

"ఎందుకే? బాగానే ఎగిరావుగా!"

నా వైపు జాలిగా చూసింది, ఇంత తెలియని దానివా అన్నట్టు. "మరి అన్న ఎక్కడుంటాడు?"

నాకు అర్థం కాలేదు.

"అన్న ముద్దలన్నీ ఇక్కడికేగా వస్తున్నాయి. లోపల కూర్చుని తింటాడు. అందుకే ఇంత అయింది. చెవి పెడితే చప్పుడు కూడా చేస్తాడు. ఇది తగ్గిపోతే వాడికి చోటుండదు కదా. ముద్ద మానేస్తే వాడికి..." పైకీ కిందికీ చూసింది. నా చెవిలో నోరు పెట్టి ఊపిరితో అంది, "ఆకలేస్తుంది."

దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చేతి కింద పొట్ట నిజంగానే చిన్నగా గురగురమంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు వెన్ను జలదరించింది. అది మాత్రం నవ్వి, "విన్నావా?" అంది.

అప్పుడు పైన డబ్బా మూత చప్పుడైంది.

తల ఎత్తి చూశాను. పై మలుపులో అక్క నిలబడి ఉంది, డబ్బా పొట్టకి ఆనించి పట్టుకుని. ఆ మెట్లగదిలో గుసగుస కూడా మిద్దె దాకా వినపడుతుంది. అక్క వెనక్కి తిరిగింది. ఒక్కో మెట్టే ఎక్కి వెళ్ళిన చప్పుడు వినపడింది.

ఆ పూట అందరం భోజనానికి నేల మీద కూర్చున్నాం. అక్క ఎప్పటిలాగే కలిపింది. అమ్మ ముద్ద అయింది, నాన్న ముద్ద అయింది, పిన్ని ముద్ద అయింది. "చాలమ్మా," అంది చిన్నది. అక్క కంచం అంచు తుడిచింది. వడ్డించుకుంది.

"ఇంక పెద్దోడి ముద్ద."

చిన్నది కళ్ళు మూసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నోరు తెరిచింది. బావ లేవబోతున్నాడు. ముద్ద రాలేదు. చిన్నది ఒక కన్ను తెరిచి చూసింది. అక్క చేతిలో ముద్దని కాసేపు చూసుకుని, తన నోట్లో పెట్టుకుంది. నమలడం మరిచిపోయిన మనిషిలా మెల్లగా నమిలింది.

"అది అన్నదమ్మా!"

"తెలుసు. ఇకనుంచి వాడిది నేను తింటాను."

"వాడు నా దగ్గరున్నాడుగా!"

"నీ దగ్గరికి రాకముందు ఎక్కడున్నాడే?" అక్క ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడమచేత్తో చిన్నదాని చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. "ఇక్కడే కదా. వాడి తర్వాతే నువ్వు. పుట్టింటికి దారి ఎవరైనా చెప్పాలా?"

చిన్నది ఆ చెయ్యి తీయకుండా ఆలోచించింది. "నీ పొట్టలో ఏం లేదు కదమ్మా. పడతాడా?"

"తింటాలే. పడతాడు."

బావ మళ్ళీ కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు అక్క వైపు జరిపాడు. ఆ ముద్దలన్నీ అక్క నీళ్ళతో దించుకోవాల్సి వచ్చింది.

అంతటితో ఆ ఇల్లు కుదుటపడిందని చెప్పను. మర్నాడు పొద్దున్నే చిన్నది తల్లి పొట్టకి చెవి ఆనించి, "వచ్చాడా?" అంది. "వచ్చాడు," అంది అక్క, జడ అల్లుకుంటూ. కొన్నాళ్ళు రోజూ అడిగింది. అక్క రోజూ అదే జవాబు చెప్పింది. ఒక్కోసారి ఆ జవాబు విని నేనూ ఆ వైపు చూసేదాన్ని. చిన్నది మళ్ళీ తాడాటకి వెళ్ళింది. అక్క మాతో కూర్చుని తినడం మొదలుపెట్టింది, తనది కొంచెం, వాడిది కొంచెం.

బడి ఇంక తెరుస్తారనగా మూడోసారి రక్తం తీయించడానికి ఆస్పత్రికి వెళ్ళాం. ఫలితం ముందే చెప్పేస్తాను. జబ్బు గడప దగ్గరే ఉందట, లోపలికి రాలేదట. మందు వద్దు, చేస్తున్నది మానొద్దు అంది డాక్టరమ్మ. ఆ కాగితం ఏమైందో కూడా ఇప్పుడు తెలియదు. ఆ పొద్దున మాత్రం నన్ను ఇంకా వదల్లేదు.

పాలు లేవు, బ్రెడ్డు లేదు. బస్సులో అక్క ఒళ్ళో డబ్బా ఉంది, మూత మీద రెండు చేతులూ ఉన్నాయి. ఆస్పత్రిలో మెట్ల మీదుగానే పైకి వెళ్ళాం. చిన్నది అందరికంటే ముందు ఎక్కేసి పైనుంచి చూసింది. బెంచీ మీద కూర్చున్నాం. మా ముందు చాలామంది ఉన్నారు. రక్తం తీసే ఆయన ఇంకా రాలేదు. "కాసేపు పడుతుందమ్మా," అంది నర్సు. పొద్దెక్కింది. చిన్నది కాళ్ళు ఊపుతూ కూర్చుంది. ఊపడం ఆపింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

గట్టిగానే అంది. రోజూ అనే మాటలాగే అంది.

బావ లేచి నిలబడ్డాడు, ఎటు వెళ్ళాలో తెలియనట్టు. నేను అక్కడి ఉద్యోగిని. లోపలికి వెళ్ళి కాస్త ముందు పిలవమని అడగగలను. అడగలేదు. అక్క వేళ్ళు మూత అంచు కింద దూరాయి. గోళ్ళు తెల్లబడ్డాయి.

"ఆగు నాన్నా," అంది. "అయిపోయాక పెడతాను."

చిన్నది సరేనని మళ్ళీ కాళ్ళు ఊపుకోసాగింది. అక్క మాత్రం వరండా చివర లిఫ్టు తలుపుల వైపు చూస్తూ ఉండిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి, ఎవరో దిగారు, మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. ప్రతిసారీ దిగినవాళ్ళ మొహాలు చూసింది.

పేరు పిలిచారు. బావ చిన్నదాన్ని లోపలికి తీసుకెళ్ళాడు. తలుపు మూసుకుంది. అక్క నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు అలా పట్టుకునేది.

తలుపు తెరుచుకుంది. మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ చిన్నది బయటికి వచ్చింది.

"అయిపోయింది. పెట్టు."

అక్కకి మూత రాలేదు. చిన్నదే తీసుకుంది. తన చేత్తో తనే తిన్నది. సగం అయ్యాక, "చాలు," అంది. అక్క సరేనని మూత పెట్టేసింది.

దిగేటప్పుడు మెట్ల మలుపు దగ్గర అక్క ఆగింది. అక్కడే మెట్టు మీద కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మిగిలింది ముద్దలు చేసుకుని మెల్లగా తినసాగింది. వచ్చేపోయేవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు. మేము ముగ్గురం నాలుగు మెట్లు కింద నిలబడి, వాళ్ళిద్దరూ తినడం అయ్యేదాకా ఆగాం.